వరస పెహచాన్ కాదు, భాయ్!

మన పిల్లలు చాలామంది పాలిటెక్నిక్ కాగానే క్యాడ్ నేర్చుకుని దుబాయో, దోహానో పోదామనుకుంటున్నారు. మంచిదే, హలాల్ రోజీ. నా ఝగడా వాళ్లతో కాదు. "ఆరో ఫేస్ తీసుకో, హోల్ కొట్టు" అని స్క్రిప్టులు నేర్పే ఉస్తాదులతో.

ఏ ఆరో ఫేస్? ఫ్రీక్యాడ్‌లో ఒక డబ్బా గీస్తే ఆరు ఫేసులు. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది గనక స్క్రిప్టులో 5 అంటే ఫేస్6. ఇవాళ అది డబ్బా పైభాగం. రేపు ఇంజనీరు ఒక అంచు గుండ్రం చెయ్యమంటాడు. సాఫ్ట్‌వేర్ అన్నిటికీ మళ్లీ నంబర్లు వేస్తుంది. ఆరోది ఇప్పుడు పక్కభాగం కావచ్చు. స్క్రిప్టు ఎర్రర్ కూడా ఇవ్వదు, చుప్‌చాప్‌గా తప్పు చోట హోల్ కొడుతుంది. స్టీలు కోసేశాక తెలుస్తుంది. నింద మాత్రం మన కుర్రాడి మీద!

నిజాంపట్నం హార్బర్‌లో ఎవరైనా "జెట్టీలో ఐదో బోటు మాది" అని రాసిస్తారా? వేటకెళ్లి వచ్చేసరికి వరస మారిపోతుంది. బోటుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నది అందుకే. మసీదులో సఫ్‌లో ఐదో మనిషి ఫజర్‌కి ఒకరు, ఇషాకి ఇంకొకరు. నిలబడ్డ చోటు మనిషి పెహచాన్ కాదు.

"నా కంప్యూటర్లో ఎప్పుడూ అదే వరస వస్తోంది" అంటారు ఉస్తాదులు. అది ఇత్తెఫాక్, వాదా కాదు. డేటాబేసుల్లోనూ ఇదే ఖాయిదా: ఎస్‌క్యూఎల్‌లో ఆర్డర్ బై రాయకపోతే ఏ వరసలో ఇచ్చినా తప్పు పట్టే హఖ్ మనకు లేదు. ఒంటెను కట్టకుండా వదిలేసి తవక్కుల్ అంటే ఒప్పుకుంటామా?

"కొత్త వెర్షన్‌లో బాగుచేశారు కదా" అని ఇంకో బహానా. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0 ఈ పేర్లు మారే బీమారీకి చాలావరకు ఇలాజ్ చేసింది, షుక్రియా. కానీ స్క్రిప్టులో మీరు చేత్తో రాసిన ఆ 5కి అది జిమ్మేదారీ తీసుకోదు.

సరైన దారి ముష్కిల్ కాదు. ఫేసును నంబరుతో కాదు, దాని సిఫత్‌తో అడగాలి: పైకి చూసేది, అన్నిటికన్నా ఎత్తున ఉన్నది. క్యాడ్‌క్వెరీలో ఆ ఎత్తు అడగడానికి చిన్న గుర్తు చాలు. ఎత్తులు పోల్చేటప్పుడు వెంట్రుకవాసి తేడా వదిలెయ్యాలి, 10 ఒక్కోసారి 9.9999999గా వస్తుంది మరి. దొరికింది ఒక్కటేనా అని లెక్కపెట్టాలి. రెండు దొరికినా, ఏదీ దొరకకపోయినా స్క్రిప్టు ఆగిపోవాలి.

అమ్మీలూ, అబ్బాలూ! ఫీజు కట్టేముందు ఉస్తాదును ఒక్క సవాల్ అడగండి: "డిజైన్ మారితే మీ స్క్రిప్టు అదే ఫేసును పట్టుకుంటుందా?" జవాబు "చూద్దాం" అయితే, పైసలు మీ జేబులోనే ఉంచుకోండి.