ఏడు కాదు, 6.63

కువైట్లో ఎండాకాలం గడిపినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. చన్నీళ్ళు కావాలంటే గీజరు ఆపేసి, ఆ కొళాయి తిప్పుకోవాలి. చన్నీళ్ళ కొళాయిలో వచ్చేవి మేడమీద ట్యాంకులో కాగిన నీళ్ళు! 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం మరి.

మొన్న పదకొండో తరగతి చదివే మావాడు చేయి చురుక్కుమని వచ్చి, "నాన్నా, ఇంత వేడిలో కూడా స్వచ్ఛమైన నీటి పీహెచ్ ఏడేనా?" అన్నాడు. "ఏడే. అందులో అనుమానమేంటి?" అన్నాను, ఎంసెట్ రాసిన ధీమాతో. రాత్రి కాగితం పెట్టుకుని కూర్చుంటే తెలిసింది, తప్పు నాదని.

నీరు కొద్దికొద్దిగా అయాన్లుగా విడిపోతుంది. దాని అయానిక లబ్ధం 25 డిగ్రీల దగ్గర 1×10⁻¹⁴, 50 డిగ్రీల దగ్గర 5.47×10⁻¹⁴. అంటే వేడి పెరిగితే అయాన్లు పెరుగుతున్నాయి. 50 దగ్గర లెక్కేస్తే తటస్థ నీటి పీహెచ్ 6.63. అలాగని నీరు ఆమ్లమైపోలేదు. హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు రెండూ సమానంగానే పెరిగాయి. (కొళాయి నీళ్ళలో లవణాలుంటాయి కనుక దాని లెక్క వేరు. ఇది స్వచ్ఛమైన నీటి మాట.)

అసలు తమాషా ఇప్పుడు. అడ్డంగా కెల్విన్లలో ఉష్ణోగ్రత విలోమం, నిలువుగా స్థిరాంకం సహజ లాగరిథమ్ పెట్టి ఈ రెండు బిందువులూ కలపండి. ఆ గీత వాలుని 8.314తో గుణించి గుర్తు మారిస్తే చర్య ఎంథాల్పీ వస్తుంది. 5.47కి లాగరిథమ్ 1.70. విలోమాల తేడా 0.00026. జవాబు మోలుకి సుమారు 54 కిలోజౌళ్ళు, ఉష్ణగ్రాహకం. 25 డిగ్రీల దగ్గర కెలోరీమీటర్‌తో కొలిస్తే వచ్చేది దాదాపు 56. వేడితోపాటు ఎంథాల్పీ కూడా కాస్త మారుతుంది. మనం మాత్రం తిన్నగా గీత గీసేశాం, ఆ తేడా అందుకే. థర్మామీటరు ముంచి వేడి కొలవకుండానే ఇంత దగ్గరికి వచ్చాం!

వాంట్ హాఫ్ 1884లోనే తన పుస్తకంలో ఈ సంబంధం రాశాడు. 1901లో రసాయన శాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. ఇంటర్లో నేనూ ఆ సూత్రం బట్టీ పట్టాను, నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్కు పెట్టాను. గ్రాఫు మాత్రం ఒక్కసారీ గీయలేదు. ఏడు అనే అంకె బుర్రలో ఉండిపోయింది, దాని పక్కనున్న "25 డిగ్రీల దగ్గర" అన్న షరతు ఎగిరిపోయింది.

బట్టీ పూర్తిగా దండగ అనను. సూత్రం గుర్తుండబట్టే ఆ రాత్రి లెక్క వేయగలిగాను. కానీ సూత్రం నేర్పిన చోటే రెండు అంకెలిచ్చి, గీత గీయించి, "దీన్నిబట్టి నీకేం తెలిసింది?" అని అడిగి ఉంటే, మావాడికి తప్పు చెప్పేవాణ్ణి కాదు. అదే అడ్డదిడ్డం చదువుని మనం ఫీజులు కట్టి మరీ పిల్లలకి కొంటున్నాం.

పొద్దున్నే మావాడికి కాగితం చూపించి, "నువ్వడిగిందే రైటురా" అన్నాను. వాడు కాసేపు చూసి, "మరి పరీక్షలో ఏం రాయమంటావ్?" అన్నాడు.

దానికి నా దగ్గర గ్రాఫు లేదు.