ఖరీదైన కందెనయా? తగిన కందెనయా?

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దల సామెత. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పూసిన ఆ రోజులలో ఏ కందెన మేలన్న చర్చకు అంతగా తావు లేదు. నేడు ఇస్మాయిల్‌ఖాన్‌పేట పొలాలలో ట్రాక్టర్లు, పటాన్‌చెరు కర్మాగారాల ముందు లారీలు నిలిచిన కాలంలో ఆ చర్చ మెకానిక్ షెడ్డులన్నింటిలోను వినబడుతున్నది. డీజిల్ ఇంజన్‌కు సింథటిక్ ఆయిల్ పోయాలా, మామూలు ఆయిల్ చాలునా? తెలుగు ఉపన్యాసకునికి ఈ ప్రశ్నతో పని ఏమని కొందరు అడుగవచ్చును. మా విద్యార్థులలో అనేకుల ఫీజు డబ్బు ఆ ఇంజన్ల నుండియే వస్తున్నది గనుక పని ఉన్నదని నా సమాధానం.

నిరుడు ఒక విద్యార్థి ఫీజుకు గడువు కోరాడు. "సార్, ఖరీదైన సింథటిక్ పోశాం గదా అని మా అబ్బా ట్రాక్టర్‌ను రెండింతల గంటలు నడిపారు. ఇంజన్ బోరుకు వచ్చింది" అన్నాడు. విప్పి చూడగా ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము, ఆయిల్ బురదవలె చిక్కబడి ఉన్నదట. ఆ రైతు పొరపాటు ఆయిల్ కొనుటలో లేదు. ధరను చూసి నిశ్చింతగా ఉండుటలో ఉన్నది.

సింథటిక్ గొప్పదనాన్ని నేను కాదనను. మామూలు ఆయిల్ ముడిచమురును శుద్ధి చేయగా వచ్చినది. అందులోని అణువులు పలు పరిమాణాలలో ఉంటాయి. సింథటిక్‌లో రసాయన ప్రక్రియచేత అణువులను ఇంచుమించు ఒకే తీరున రూపొందిస్తారు. అందువలన అది చలికి త్వరగా గడ్డకట్టదు, వేడికి త్వరగా చెడదు. అయితే మన అవసరమెంత? డబ్బాపై 15డబ్ల్యు-40 అని ఉన్న మామూలు ఆయిల్ సైతం సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో పరీక్షకు నిలిచినదే. లడఖ్ వెళ్లే లారీకి అంతకు మించినది కావచ్చును గాని, మంజీర తీరాన ఆ చలి ఎక్కడిది? మనకున్నవి ఎండ, దుమ్ము. ఎండలో బరువు లాగే టర్బో ఇంజన్‌కు సింథటిక్ మేలు చేస్తుంది. దుమ్ముకు మాత్రం శుభ్రమైన ఫిల్టరే మందు.

కావున మొదట చూడవలసినది సింథటిక్ అన్న పేరు కాదు, డబ్బాపై ఉన్న ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బి.ఎస్.-6 లారీల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉన్నది. ఆయిల్‌లోని బూడిద శాతం ఎక్కువైతే అది పూడుకొనిపోతుంది. 2016 చివర వచ్చిన సి.కె.-4 ప్రమాణం ఆ బూడిదను నూటికి 1 పాలుకు మించనీయదు. ఆ బూడిద ముఖ్యంగా కలిపే మందుల వలన వచ్చేది. కనుక మామూలు ఆయిల్‌లోను సి.కె.-4 దొరుకుతుంది, సింథటిక్ అయినంత మాత్రాన అది తగినదని చెప్పలేము. కంపెనీ పుస్తకం కోరిన ప్రమాణం గల ఆయిల్‌ను అది చెప్పిన గడువుకు మార్చితే, పాత ట్రాక్టర్‌కు మామూలు ఆయిలే చాలునని నా అభిప్రాయం. సీళ్ల నుండి కారిపోయే ఇంజన్‌లో ఖరీదైనది పోయడం ఇస్రాఫ్ గాక మరేమి?

సింథటిక్ పక్షాన ఒక న్యాయమైన మాట ఉన్నది. కంపెనీ అనుమతించిన చోట అది ఎక్కువ కాలం నడుస్తుంది. తీసివేసే పాత ఆయిల్ తగ్గుతుంది. నక్కవాగు కాలుష్యం విషయమై 1990లో సుప్రీంకోర్టు తలుపు తట్టిన ప్రాంతం మనది. వాడిన ఆయిల్ ఏ రకమైనను నేలపై పారబోస్తే బావిలోనికో వాగులోనికో చేరుతుంది. 2024 ఏప్రిల్ 1 నుండి దానిని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను ప్రభుత్వం ఉత్పత్తిదారులపై ఉంచింది. డబ్బాలో పట్టి అప్పగించడం మాత్రం మన చేతిలోని పని.

విద్యార్థులారా! మీ ఇంటి పెద్దలు ఇంజన్‌ను నడుపుట ఎరుగుదురు. డబ్బాపై అక్షరాలు చదువుట అందరికీ రాకపోవచ్చును. ఆ అక్షరాలను చదివి వినిపించండి. మీ చదువు ఇంటికి చేసే మొదటి సేవ అదే కావచ్చును.