లైబ్రరీల కంప్యూటర్ ఆగితే ఎవరిని అడగాలె?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లైబ్రరీలకు పొద్దుగాల పోయే పోరగాళ్లల్ల ఎక్కువమంది కథల పుస్తకాలకు పోతలేరు, కొలువుల తయారీకి పోతున్నరు. నోటిఫికేషన్ పడ్డదంటే లైబ్రేరియన్ పనే మారిపోతది. ఫోటో సైజు ఎక్కువైందని సైటు తీసుకోదు. ఓటీపీ ఎప్పుడో బందైన నంబర్‌కు పోతది. ప్రింటర్‌ల కాయితం ఇరుక్కుంటది. పుస్తకాల వర్గీకరణ నేర్చుకున్న మనిషి ఇగ మెకానిక్ అయితడు.

పాస్‌వర్డ్ మర్చిపోవుడు మన తప్పే అనుకుందాం. మిషన్ పాతదవుడు మాత్రం లైబ్రేరియన్ తప్పు గాదు, మనది గాదు. విండోస్ 10కు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తోని ఆగినయి. టీపీఎం 2.0 లేని పాత కంప్యూటర్లకు విండోస్ 11 సక్కగ ఎక్కదు. అసొంటి మిషన్ మీద ఆధార్, బ్యాంకు వివరాలు కొట్టుడంటే తలుపు తీసిపెట్టి పండుకున్నట్టే. లినక్స్ పైసల్లేకుండ దొరుకుతది, దరఖాస్తులు నింపుటానికి అది సాలు. గానీ ఎక్కించేటోడు, నేర్పేటోడు కావాలె గద.

అడిగితే పైసలు లేవంటరు. ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు మనమే కడుతున్నం. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలె. ఆడ ఆగితే ఈడ యూపీఎస్ బ్యాటరీ గూడ రాదు. గ్రంథాలయ ఉద్యమంల తిరిగిన సురవరం ప్రతాపరెడ్డి మన దిక్కు మనిషే అని సభల్ల గొప్పగ చెప్పుకుంటం. ఆ సభల ఖర్చుతోని నాలుగు కీబోర్డులొస్తుండె, అది వేరే ముచ్చట.

మీ ఇంటి పన్ను రసీదు తీసి సెస్సు ఎంతుందో సూడుండ్రి. పోయిన ఏడు ఎంత వసూలైంది, ఎంత జమైంది అని సమాచార హక్కు కింద పంచాయతీకి దరఖాస్తు పెట్టుండ్రి. ఊరి స్థాయిల దానికి ఫీజు గూడ లేదు.