బజారును మూసినది భయమా, శాసనమా?

ఉర్దూలో "జాన్ హై తో జహాన్ హై" అని ఒక నానుడి ఉన్నది. ప్రాణముంటేనే ప్రపంచమని దాని భావం. తెలుగువారు ఇదే సత్యాన్ని "బ్రతికి ఉంటే బలుసాకు తినవచ్చు" అని చెప్పుకొంటారు. 2020 మార్చి 24వ తేదీ రాత్రి దేశవ్యాప్త లాక్‌డౌన్‌ను ప్రకటిస్తూ ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ పై నానుడినే ఉదహరించారు. ఏప్రిల్ 11న ముఖ్యమంత్రులతో జరిపిన సమావేశంలో, ప్రాణమూ కావాలి, ప్రపంచమూ కావాలి అని ఆయనే ఆ మాటను విస్తరించారు. ఈ రెండు మాటల నడుమ గడిచిన 18 రోజులలో ఒక గంభీరమైన ఆర్థిక సమస్య ఇమిడి ఉన్నది. కోవిడ్ తొలగినది కదా అని దానిని విస్మరించరాదు. మహమ్మారులు మానవ చరిత్రకు కొత్తవి కావు. మరొకటి రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

సమస్య ఇది. మహమ్మారి ప్రబలినప్పుడు వ్యాపారం స్తంభించడానికి కారణం ప్రభుత్వ శాసనమా, లేక ప్రజలు తమంతట తాము భయపడి ఇంటిపట్టున ఉండడమా? శాసనమే కారణమైతే దానిని ఎత్తివేయగానే బజారు కళకళలాడాలి. భయమే కారణమైతే శాసనాన్ని ఎత్తివేసినా గిరాకీ తిరిగి రాదు. లాక్‌డౌన్‌ను సమర్థించినవారూ, నిరసించినవారూ ఆవేశంతో వాదించుకొన్నారే గాని, ఈ రెండింటినీ వేరుచేసి తూచి చూచినవారు తక్కువ.

అట్లా తూచి చూచే అవకాశం ఉత్తర ఐరోపాలో లభించినది. డెన్మార్క్, స్వీడన్ ఇరుగుపొరుగు దేశాలు. జీవన ప్రమాణంలోనూ, పరిపాలనలోనూ ఒకదానికొకటి దగ్గర. 2020 మార్చి 11న డెన్మార్క్ ప్రభుత్వం మూసివేతను ప్రకటించినది. స్వీడన్ మాత్రం పెద్ద సమావేశాలను నిషేధించి, ఉన్నత విద్యాసంస్థలను ఇంటి నుంచి చదువుకు మళ్లించి, చిన్న పిల్లల బడులనూ, దుకాణాలనూ తెరిచే ఉంచినది. తక్కినదంతా పౌరుల విజ్ఞతకు వదిలినది. ఉభయ దేశాలలోనూ ఒక పెద్ద బ్యాంకు ఖాతాదారుల వ్యయాన్ని ఆర్థికవేత్తలు పరిశీలించగా, స్వీడన్‌లో వ్యయం సుమారు 25 శాతం, డెన్మార్క్‌లో సుమారు 29 శాతం తగ్గినట్లు తేలినది. అంటే శాసనం వల్ల కలిగిన అదనపు నష్టం 4 శాతమే. వ్యాధి భయం తక్కువగా ఉన్న యువకుల వ్యయం డెన్మార్క్‌లో ఎక్కువగా పడిపోగా, వృద్ధుల వ్యయం స్వీడన్‌లోనే ఎక్కువగా పడిపోవడం మరింత గమనార్హం. యువకుని కాలికి శాసనం వేసిన కళ్లెం వృద్ధునికి వీధిలో అడుగు పెట్టగల ధైర్యాన్నిచ్చినదని దీని తాత్పర్యం.

అమెరికాలో గూల్స్‌బీ, సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు 22 లక్షలకు పైగా వ్యాపార స్థలాలకు వచ్చిపోయేవారి రాకపోకలను సెల్‌ఫోన్ల ఆధారంతో లెక్కించారు. ఒకే వ్యాపార ప్రాంతంలో ఉంటూ, సరిహద్దుకు ఒక వైపు ఆంక్షలు ఉండి మరొక వైపు లేని చోట్లను పోల్చి చూశారు. రాకపోకలు మొత్తం మీద 60 శాతం తగ్గగా, అందులో శాసనం వాటా 7 శాతం మాత్రమేనని వారు తేల్చారు. ఆంక్షలు సడలించిన తరువాత కలిగిన లాభం కూడ స్వల్పమే.

ఇంతవరకు చదివినవారికి, అట్లయితే శాసనంతో పనేమున్నది, ప్రజలు తమంతట తామే దూరం పాటిస్తారు కదా అన్న భావం కలుగవచ్చు. అయితే ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఎవరు పాటిస్తారు? నెల జీతం ఇంటికి వచ్చేవాడు పాటిస్తాడు. బ్యాంకులో నిల్వ ఉన్నవాడు పాటిస్తాడు. ఏ పూటకు ఆ పూట సంపాదించుకొనేవాడికి భయం లేక కాదు. భయపడే స్తోమత లేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2020 అక్టోబరులో వెలువరించిన నివేదిక కూడ ఈ తేడానే చూపినది. మొత్తం మీద శాసనమూ, స్వచ్ఛంద దూరమూ నష్టంలో ఇంచుమించు సమాన భాగం పంచుకొన్నాయనీ, సంపన్న దేశాలలో స్వచ్ఛంద దూరం పాత్ర పెద్దదనీ, పేద దేశాలలో అది చిన్నదనీ అందులో పేర్కొన్నారు. ఇంట కూర్చోవడం కూడ ఒక కొనుగోలు వస్తువే. దాని వెల చెల్లించగలవాడే దానిని పొందగలడు.

కనుక స్వీడన్ లెక్కను తెచ్చి మన దేశానికి అంటగట్టడం సరికాదు. మన లాక్‌డౌన్ ప్రకటనకూ అమలుకూ మధ్య ఉన్నది నాలుగు గంటల వ్యవధి మాత్రమే. 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జాతీయోత్పత్తి అంతకు ముందు సంవత్సరంతో పోలిస్తే, తొలి అంచనా ప్రకారం, 23.9 శాతం క్షీణించినది. నిర్మాణ రంగం 50.3 శాతం, వర్తక, హోటలు, రవాణా రంగాలు 47 శాతం పడిపోయాయి. మినహాయింపు పొందిన వ్యవసాయం మాత్రం 3.4 శాతం పెరిగినది. ఈ నష్టమంతా శాసనానిదేనని అనలేము. భయమూ, ఇతర దేశాల మాంద్యమూ అందులో కలసి ఉన్నాయి. అయినా ఎక్కువగా కూలిన రంగాలు రోజుకూలీలకు అన్నం పెట్టే రంగాలేనన్నది మరువరాదు.

అంతమాత్రాన శాసనమే తప్పు అనడం కూడ పొరపాటే. మనిషి వీధిలోకి వెళ్లేటప్పుడు తనకు వచ్చే ప్రమాదాన్ని లెక్క వేసుకొంటాడు గాని, తన వల్ల పొరుగువానికి వచ్చే ప్రమాదాన్ని లెక్క వేయడు. ఒక దుకాణదారుడు ధర్మబుద్ధితో తలుపు మూస్తే అతని గిరాకీ ఎదుటి దుకాణానికి పోతుంది. అందరికీ ఒకే నియమం ఉంటే మంచివాడు నష్టపోడు. స్వచ్ఛందం చేయలేని పని ఇది. శాసనం అవసరం, కాని చేతిలో ధాన్యం లేని శాసనం పేదవాని కడుపుపై విధించిన శిక్ష అవుతుంది.

మన అనుభవం ఇందుకు సాక్ష్యం. లాక్‌డౌన్ కాలానికి పూర్తి వేతనాలు చెల్లించాలని 2020 మార్చి 29న యజమానులను ఆదేశించిన కేంద్రం, మే 18 నుంచి ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకొన్నది. సొంత గల్లా ఖాళీ అయిన చిన్న యజమాని ఆదేశం చూచి జీతమెట్లా ఇవ్వగలడు? తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రత కార్డు గల కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చినది. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించినది. ఇది మెచ్చదగినదే. కాని కార్డు సొంత ఊరిలో, మనిషి పరాయి ఊరిలో ఉన్నప్పుడు దేశమంతటా ఎందరో కాలినడకనే నమ్ముకొన్నారు. కూలీల కోసం నడిపిన తొలి ప్రత్యేక రైలు మే 1న హైదరాబాదు నగరపు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరినది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై అయిదు వారాలు దాటినది.

2021లో రెండవ ఉప్పెన వచ్చినప్పుడు కేంద్రం దేశమంతటికీ ఒకే తాళం వేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి మధ్యాహ్నం 12 గంటల తరువాత కర్ఫ్యూ అమలైనది. తెలంగాణలో మే 12 నుంచి మొదట ఉదయం 6 నుంచి 10 గంటల వరకు సడలింపు ఉండేది. వ్యాధి మరింత భీకరమైనా బజారు పూర్తిగా ఊపిరి ఆడక పోలేదు. కాలాన్ని, ప్రాంతాన్ని బట్టి శాసనాన్ని కొలిచి వేయవచ్చునని ఇందువల్ల తెలుస్తున్నది.

కనుక స్వచ్ఛందమా, నిర్బంధమా అన్న చర్చలో నా అభిప్రాయం స్పష్టం. సంపన్నుని విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. పేదవాని విషయంలో రేషన్, నగదు, ప్రయాణ సౌకర్యం ముందు రావాలి. ఆజ్ఞ తరువాత రావాలి. ఈ క్రమం తారుమారైతే ప్రాణమూ దక్కదు, ప్రపంచమూ దక్కదు.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. 2020లో తరగతులు ఫోనులోకి మారినప్పుడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును తండ్రి పనికి తీసుకొనిపోతే పాఠం వినలేని విద్యార్థులు ఎందరో ఉండేవారు. హాజరు పాటించమన్నది నిర్బంధమే. హాజరు కాగల సాధనం మాత్రం స్వచ్ఛందానికి వదిలివేశారు. దేశం చేసిన పొరపాటునే మనమూ చిన్న మేరలో చేశాము. ఒక చిన్న ఆపత్సహాయ నిధిని, అవసరమైన విద్యార్థుల జాబితాను ఇప్పుడే సిద్ధపరచుకొంటే మరొకసారి ఆ పొరపాటు జరగదు. మిత్రులారా, ఆ నిధికి మొదటి రూపాయి మన విద్యార్థులదే కావాలి. బ్రతికి ఉంటే బలుసాకు తినవచ్చునన్నది నిజమే. అయితే ఆ బలుసాకును తెచ్చి ఇచ్చేవాడు కూడ ఒకడు ఉండాలి కదా!