విమానాశ్రయములలో విదేశీ కంపెనీలు

2025 మే 15వ తేదీన భారత ప్రభుత్వపు పౌర విమానయాన భద్రతా శాఖవారు చిన్న యుత్తరువు నొకదానిని వెలువరించిరి. టర్కీ దేశమున ఇస్తాంబులు నగరము ముఖ్యస్థానముగా గల సెలెబి యను కంపెనీకి మన విమానాశ్రయములలో పనిచేయుటకై లోగడ నొసగిన భద్రతానుమతిని దేశరక్షణార్థము తత్క్షణమే రద్దు చేసితిమనుటయే దాని సారాంశము. ఢిల్లీ, ముంబై, హైదరాబాదు మొదలుగా తొమ్మిది విమానాశ్రయములలో ఆ కంపెనీవారి పనికి అంతటితో స్వస్తి చెప్పబడినది. అదే సంవత్సరము జూలై 7వ తేదీన ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున జస్టిస్ సచిన్ దత్తాగారు కంపెనీవారి వ్యాజ్యమును కొట్టివేసిరి. కొన్నాళ్లు పత్రికలలో సందడి జరిగినది, పిదప అణగిపోయినది. ఆ సందడిలో మరుగుపడిన ప్రశ్న యొకటి గలదు. రేవులు, విమానాశ్రయములు, టెలిఫోను మార్గములు, విద్యుత్తు తీగలు దేశమునకు ఆయువుపట్టులు. వీనిలోనికి పరదేశపు కంపెనీని రానిచ్చుటకుగాని, వచ్చినదానిని వెడలనంపుటకుగాని మన ప్రభుత్వమువారు పాటించు నియమమేమి?

సెలెబివారు చేయుచుండిన పని యెట్టిదో ముందు గ్రహింపవలెను. విమానము నేల దిగినది మొదలు మరల నెగురువరకు దానికి జరుగవలసిన పరిచర్య వారిది. నిచ్చెనలు చేర్చుట, పెట్టెలు దించుట, ఎక్కించుట, సరకును గిడ్డంగులలో నుంచుట, ఏ మూల నెంత బరువుండవలెనో లెక్కకట్టుట మొదలగునవి యందు చేరును. చూచువారికిది కూలిపనివలె తోచును. కాని యా పని చేయువాడు విమానము ప్రక్కకు నిరాటంకముగా పోగలడు. ఏ సరకు ఎచటినుండి ఎచటికి పోవుచున్నదో, ఏ ప్రముఖుడు ఏ వేళ ప్రయాణమగుచున్నాడో తెలిసికొనగలడు. ఈ విషయమున న్యాయస్థానమువారు వెలిబుచ్చిన భయమును మేమును పంచుకొనుచున్నాము.

ఇట్టి తావులనుండి పరాయివారిని దూరముంచుటకు రాజ్యమునకు హక్కున్నదా యని ప్రశ్నించువారితో మాకు వాదము లేదు. ఆ హక్కు లేని దేశమున కేమగునో మన తాతలు చూచియే యున్నారు. గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దమున మన రైలుమార్గములను లండనులో వాటాలమ్ముకొన్న కంపెనీలు వేసెను. ఆ మూలధనముపై నూటికి ఐదు చొప్పున వడ్డీకి మన ఖజానా పూచీపడెను. సముద్రము మాట చెప్పనక్కరలేదు. 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్లెగారు స్వదేశీ ఓడల కంపెనీని స్థాపింపగా, ఎదుటి బ్రిటిషు ఇండియా కంపెనీ టిక్కెట్టు ధరలను తెగ తగ్గించి దానిని నలిపివేయ జూచినది. 1908లో పిళ్లెగారు చెరసాల పాలైరి. ఆయన కంపెనీయు నిలువలేదు. 1941లో సింధియా కంపెనీవారు విశాఖపట్టణమున ఓడల కార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాదుగారిచే శంకుస్థాపన చేయించుటయు, 1948లో అచట తయారైన ‘జల ఉష’ను జవహర్లాల్ నెహ్రూగారు నీటిలోనికి విడుచుటయు నాటి ప్రజలకు పండుగ లగుటకు కారణమిదియే. కనుక ప్రభుత్వమువారు తలుపు మూసిరని మేము తప్పు పట్టుట లేదు. మూసిన విధమును గురించియే మా యాక్షేపణ.

పహల్గాం హత్యాకాండ తరువాత 2025 మే నెలలో జరిగిన సంఘర్షణలో టర్కీ ప్రభుత్వము పాకిస్తానును బాహాటముగా సమర్థించెను. మనపైకి వచ్చిన డ్రోనులలో టర్కీలో చేయబడినవి కలవని మన సైన్యాధికారులు ప్రకటించిరి. ప్రజలు క్రుద్ధులైరి, వారము తిరుగక మునుపే యుత్తరువు వచ్చినది. అయితే టర్కీకి పాకిస్తానుతో గల మైత్రి నిన్న పుట్టినది కాదు. సెలెబి సుమారు పదునేడేండ్లు మన దేశమున పనిచేసినది. 2022 నవంబరులో ఆ కంపెనీకి భద్రతానుమతి నిచ్చినపుడును ఆ మైత్రి ఉన్నదే. పాకిస్తాను మిత్రుని కంపెనీకి విమానము క్రింద చోటియ్యరాదనుట నియమమైనచో, దానిని 2022లో ఏల పాటింపలేదు? నియమము కానిచో, 2025లో ఏల పాటించిరి? దొంగలు పడిన యారు నెలలకు కుక్కలు మొరిగినవను సామెతను ప్రజలు మన భద్రతా శాఖకు వర్తింపజేసినచో ఆ శాఖవారేమి చెప్పగలరు?

మరియొక చిక్కు గలదు. ఒక కంపెనీ ఏ దేశమునకు చెందినదో చెప్పుట మునుపటివలె సులభము కాదు. తమ వాటాలలో నూటికి అరువదియైదు వంతులు కెనడా, అమెరికా, బ్రిటను, సింగపూరు మొదలగు దేశముల పెట్టుబడిదారులవని సెలెబివారు ఆనాడు చెప్పికొనిరి. మరి మన శంషాబాదు సంగతి యేమి? ఆ విమానాశ్రయమును నడుపునది జి.ఎం.ఆర్. వారు. ఆ సంస్థ విమానాశ్రయ వ్యాపారములో నూటికి నలువదితొమ్మిది వంతులను 2020లో పారిసు విమానాశ్రయముల కంపెనీ కొనినది. ఆ కంపెనీలో సగమునకు మించిన వాటా ఫ్రెంచి ప్రభుత్వమునది. దీనినెవరును ఆక్షేపింపలేదు; ఆక్షేపింపవలెనని మేమును అనము. ఫ్రాన్సు మనకు మిత్రదేశము. కాని నేటి మిత్రుడు రేపటికి మారడా? మారిననాడు ఏ సూత్రమునుబట్టి ఏమి చేయుదుము? మన సమాధానమంతయు నాటి పత్రికల కోపముపై నాధారపడియుండుట యొక గొప్ప దేశమునకు తగదు.

న్యాయవిచారణ జరిగిన తీరు కూడ విచారకరము. అనుమతిని రద్దు చేయుటకు ముందు ఎదుటివారి మాట వినవలెననియు, కారణములను వ్రాతమూలముగా చూపవలెననియు ప్రభుత్వమువారు స్వయముగా చేసిన 2023 నాటి విమాన భద్రతా నిబంధనలలో పండ్రెండవది చెప్పుచున్నది. అటుల జరుగలేదు. కారణములను ముద్రవేసిన కవరులో న్యాయమూర్తికి మాత్రమే చూపిరి. దేశరక్షణ ప్రశ్నలలో ముందుగా నోటీసిచ్చుట కొన్ని వేళల అపాయకరమను వాదమును మేము తోసివేయము. రహస్యమును బయటపెట్టుమని యెవరడుగుదురు? కాని మలయాళ వార్తాప్రసార సంస్థ మీడియావన్ వ్యాజ్యమున 2023 ఏప్రిలు 5వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమువారు చెప్పిన తీర్పు మరువరానిది. దేశరక్షణ యను మాట నుచ్చరించినంతమాత్రమున ప్రభుత్వము న్యాయవిచారణనుండి తప్పించుకొనజాలదనియు, ముద్రవేసిన కవరు సహజన్యాయమునకు విరుద్ధమనియు వారు స్పష్టము చేసిరి. ఆ దినమున నష్టపోయినది స్వదేశీయుల సంస్థయే యని పాఠకులు గమనింపవలెను. విదేశీయునిపై నేడు ప్రయోగింపబడిన కవరు స్వదేశీయునిపై ప్రయోగింపబడుటకు ఆలస్యమేమియు పట్టదు.

ఇతర దేశములును ఈ విషయమున తడబడినవే. 2006లో దుబాయి ప్రభుత్వపు రేవుల కంపెనీ బ్రిటనులోని పి. అండ్ ఓ. కంపెనీని కొనుటతో న్యూయార్కు, బాల్టిమోరు మొదలగు అమెరికా రేవులలోని పనులు దాని వశమగు స్థితి వచ్చినది. (చిదంబరం పిళ్లెగారితో పోటీపడిన బ్రిటిషు ఇండియా కంపెనీ 1914లో చేరినది ఈ పి. అండ్ ఓ. తోనే. కాలచక్రము విచిత్రముగా తిరుగును.) అధికారుల సంఘము ముందు సరేయన్నది; తరువాత అమెరికా ప్రజాప్రతినిధులు మండిపడిరి; దుబాయివారు తమ పనులను అమ్ముకొని తొలగిపోయిరి. కాని అమెరికనులు అంతటితో ఊరకుండక మరుసటి సంవత్సరమే, అనగా 2007లో, చట్టము చేసికొని పరీక్షావిధానమును స్థిరపరచిరి. ఆస్ట్రేలియాలో ఉత్తర ప్రాంతపు ప్రభుత్వము 2015లో డార్విను రేవును ఒక చీనా కంపెనీకి తొంబదితొమ్మిదేండ్లకు కౌలుకిచ్చెను. నాటి చట్టములోని సందువలన కేంద్ర ప్రభుత్వపు విదేశీ పెట్టుబడి పరీక్ష దానికి అవసరము కాలేదు. సందును మరుసటి సంవత్సరము పూడ్చిరి. 2018లో వేరొక చట్టముచే ముఖ్య నిర్మాణముల యజమానులెవరో తెలుపు పట్టిక నేర్పరచిరి. అయినను మొదటి తప్పు వారిని విడువలేదు: 2023లో కౌలు రద్దుచేయనక్కరలేదన్నవారే 2025 ఎన్నికలలో రేవును తిరిగి తీసికొందుమని వాగ్దానము చేసిరి.

మన వద్ద నున్నవి ముక్కలు. సరిహద్దున భూమి కలిసిన దేశముల పెట్టుబడులకు ముందుగా ప్రభుత్వానుమతి కావలెనని 2020 ఏప్రిలు 17వ తేదీన నొక ఉత్తరువు వచ్చినది. టర్కీకి మనతో భూమి సరిహద్దు లేదు గనుక అది ఆ దేశమునకు వర్తింపదు. టెలిఫోను సామగ్రిని నమ్మదగిన వారివద్దనే కొనవలెనను ఆజ్ఞ 2021 జూను 15నుండి అమలులోనికి వచ్చినది. మంచిదే, కాని యది టెలిఫోనులకే. విమానములకు వేరు నిబంధనలు. రేవులకు వేరు పద్ధతి. ఏ శాఖకు తోచిన తాళమును ఆ శాఖ వేయుచున్నది.

పార్లమెంటువారు వీనినన్నిటిని ఒక్క చట్టము క్రిందికి తేవలెనని మేము కోరుచున్నాము. ఏ పనులు భారతీయుల యాధిపత్యముననే యుండవలెనో అందు పేరుపేరున చెప్పవలెను. మిగిలినవానిలో ప్రవేశించు కంపెనీ వెనుక నిజమైన యజమాని యెవరో బహిరంగమైన పట్టికలో నుండవలెను. యజమాని మారినప్పుడెల్ల మరల పరీక్ష జరుగవలెను. అత్యవసరమున అనుమతిని వెంటనే ఆపు నధికారము ప్రభుత్వమునకుండనిండు. కాని యటుపిమ్మట నిర్ణీత కాలములో విచారణ జరిగితీరవలెను. రహస్య పత్రములను కంపెనీకి చూపరాదన్నచో, దాని పక్షమున వానిని చదివి వాదించుటకు నమ్మకస్థుడైన న్యాయవాదిని న్యాయస్థానమే నియమింపవచ్చును.

ఆ చట్టములో పనివారికిని చోటుండవలెను. సెలెబి క్రింద పనిచేసినవారు వేలకొలది భారతీయులు. పెట్టెలు మోసినవాడు టర్కీవాడు కాడు, మనవాడే. వారిని కొత్త కంపెనీలకు మార్చి యున్న జీతములతోనే కొనసాగింతుమని ఢిల్లీ విమానాశ్రయమువారు ఆనాడు ప్రకటించిరి. అందుకు వారిని మెచ్చుకొనవలెను. అయితే ఉద్యోగి కూడు విమానాశ్రయపు యజమాని మంచితనముపై నేల ఆధారపడవలెను? అనుమతిని రద్దుచేయు నుత్తరువే అతని జీతమునకును సర్వీసునకును పూచీ చూపవలెను. ఆ దినముల విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామమోహన నాయుడుగారు శ్రీకాకుళమువారు. శంషాబాదులో ఆ యుత్తరువునాడు పనిలోనున్నవారికి ఏమి జరిగినదో లెక్క తీయించి పార్లమెంటు ముందుంచినచో, చట్టమునకు ఆ యొక్క అధ్యాయమైనను సులభముగా తయారగును.