గోడమీది పద్యం, బడిలో జిరాక్సు

1948లో నిజామాబాద్ ఖిల్లా జైల్లో ఖైదీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య బొగ్గుముక్కతో గోడమీద పద్యం రాశాడు. అదే జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి దాన్ని కంఠతా పట్టాడని చెప్పుకుంటారు. మరుసటి ఏడు ‘అగ్నిధార’ అచ్చయింది. ఆ పుస్తకాన్ని దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఇందూరు (నిజామాబాద్) జిల్లాలో ఈ కథ తెలియని తెలుగు సారు ఉండడు.

అలాంటి సారు ఒకరు జక్రాన్‌పల్లి మండలం నుంచి మాకు ఉత్తరం రాశారు. పాఠ్యపుస్తకంలో లేని దాశరథి పద్యాలు నాలుగైదు జిరాక్సు తీయించి పదో తరగతి పిల్లలకు పంచుదామనుకున్నారట. హెడ్‌మాస్టరు గారు వద్దన్నారు. ఆయన భయానికీ కారణముంది. అంతకుముందు బడి వార్షికోత్సవంలో పిల్లలు సినిమాపాటకు ఆడిన వీడియోను ఎవరో ఇంటర్నెట్‌లో పెడితే, రెండు రోజులకల్లా పాట మూగబోయి ఆట మాత్రం మిగిలింది. దానితోపాటు ఇంగ్లిషులో ఒక నోటీసు. అప్పట్నుంచి పుస్తకం తెరిచి ‘సర్వహక్కులు’ అనే మాట కనబడితే చాలు, “ఈ కాపీరైటు లొల్లి మనకెందుకు సారూ” అంటున్నారట. ఉత్తరం చివర సారు ఒక్కటే అడిగారు: మా జిల్లా జైలుగోడమీద పుట్టిన పద్యాన్ని మా జిల్లా పిల్లలకు చూపాలంటే ఎవరి పర్మిషన్ కావాలె?

ఎవరిదీ అక్కర్లేదు.

ఇంత నిక్కచ్చిగా జవాబు చెప్పగలగడం చట్టం పుణ్యమే. దాశరథి 1987 నవంబరులో పోయారు. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్లు హక్కులు వారసులవి. ఒకప్పుడు యాభయ్యే ఉండేది. 1941లో పోయిన రవీంద్రుడి రచనలు అందరివీ కాబోతున్న సమయంలో ఇంకో పదేళ్లు కలిపారు. ఆ లెక్కన దాశరథి కవిత్వం మీద హక్కు 2047 డిసెంబరు 31 దాకా నడుస్తుంది. హెడ్‌మాస్టరు గారి అనుమానం ఇక్కడివరకు సబబే. అయితే 1957 నాటి అదే కాపీరైటు చట్టం, 52వ సెక్షన్‌లో, హక్కు ఉన్న రచననైనా పాఠం చెప్పే క్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ కాపీ చేసుకుంటే అది ఉల్లంఘన కాదంది. పరీక్షలో ప్రశ్నగా ఇచ్చినా, జవాబులో రాసినా కాదంది. ఇన్ని పేజీలు, ఇంత శాతం అనే కొలత కూడా అక్కడ పెట్టలేదు.

కొలత లేదు కదా అని ప్రచురణకర్తలు ఊరుకోలేదు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రాంగణంలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ అని ఒక జిరాక్సు దుకాణం ఉండేది. సిలబస్‌లో ఉన్న పుస్తకాల నుంచి ఏయే అధ్యాయాలు కావాలో అధ్యాపకులు చెబితే, వాటిని ఒక కట్టగా కుట్టి విద్యార్థులకు అమ్మేవారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ దుకాణం మీదా, విశ్వవిద్యాలయం మీదా ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. జిరాక్సు మిషను నడుపుకునే మనిషి ఒకవైపు, ప్రపంచమంతా పుస్తకాలమ్మే కంపెనీలు మరోవైపు. విద్యార్థులూ, అధ్యాపకులూ సంఘాలు కట్టి కేసులో చేరారు. ఆ కట్టల్లో తమ అధ్యాయాలున్న రచయితలే కొందరు, కేసు మానుకోండని ప్రచురణకర్తలకు రాసిన లేఖలో సంతకాలు పెట్టారు. అమర్త్య సేన్ కూడా విడిగా రాశారు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా తీర్పు చెప్పారు. కాపీరైటు దేవుడిచ్చిందీ కాదు, పుట్టుకతో వచ్చిందీ కాదు, సమాజంలో జ్ఞానం పెరగడానికి చట్టం కల్పించిన హక్కు అన్నారు. వెనకటికి విద్యార్థులు లైబ్రరీలో కూర్చుని చేత్తో ఎత్తిరాసుకునేవారు, కష్టపడి చేస్తే తప్పు కాని పని మిషను వచ్చి తేలికైనంత మాత్రాన తప్పెలా అవుతుందన్నది ఆయన వాదం. డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి మూలసూత్రాన్ని ఒప్పుకుంది. పాఠానికి ఎంత అవసరమో అంత కాపీ న్యాయమేననీ, ఆ కట్టల్లో ఉన్నది అంత అవసరమా కాదా అన్నది మాత్రం విచారించాలనీ కేసును వెనక్కి పంపింది. ఆ విచారణ దాకా రాకుండానే 2017 మార్చిలో కంపెనీలు దావా ఉపసంహరించుకున్నాయి. పునర్ముద్రణ హక్కుల సంస్థ ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్తే మే నెలలో అక్కడా చుక్కెదురైంది. మండల కేంద్రంలో బస్టాండు పక్కన జిరాక్సు సెంటరులో నలభై కాయితాలు తీయించడానికి భయపడుతున్న సారుకు, ఇంతకంటే గట్టి అండ ఏం కావాలి? పద్యాలే కాదు, పాఠానికి అవసరమైతే కావ్యంలో ఒక భాగమంతా తీయించుకోవచ్చు.

వార్షికోత్సవం సంగతి కూడా తేల్చేద్దాం. బడిలో పిల్లలూ, పంతుళ్లూ పాట పాడినా నాటకమాడినా, ‘మాభూమి’ సినిమా వేసి తెలంగాణ సాయుధ పోరాటం పాఠం చెప్పినా అది 52వ సెక్షన్‌లోనే ఉంది. సినిమా, రికార్డింగుల విషయంలో షరతు ఒక్కటే, చూసేవాళ్లు బడివాళ్లూ, తల్లిదండ్రులూ, బడితో సంబంధమున్నవాళ్లూ అయి ఉండాలి. గ్రామపంచాయతీ ముందు తెర కట్టి ఊరందరినీ పిలిస్తే ఆ మినహాయింపు దాటిపోయినట్టే. ఇంటర్నెట్‌లో పెట్టడమంటే ఊరిని కాదు, లోకాన్ని పిలవడం. పైగా అక్కడ పాటను పట్టుకున్నది జడ్జి కాదు, మిషను. ఆ మిషనుకు పాట గుర్తుపట్టడం వచ్చు గానీ, ఆడుతున్నవాళ్లు ఏడో తరగతి పిల్లలని తెలియదు. బడిలో జరిగింది తప్పు కాదు, బయట పెట్టినదాని మీద తగాదా వచ్చింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి తరగతి గదిలో పద్యం చదవడానికి కూడా జంకితే, అది తాటాకు చప్పుళ్లకు బెదరడమే.

ఇక రెండో వైపు. పాఠం పేరు చెప్పుకుని సాగే వ్యాపారానికి ఈ మినహాయింపు గొడుగు పట్టదు. కార్పొరేటు కాలేజీలు వేలల్లో ఫీజులు గుంజి, వాటిలోనే ‘మెటీరియల్’ ఖరీదు కలిపి, ఎవరి వ్యాసాలో ఎవరి బొమ్మలో ఎత్తి అచ్చేసి ప్రతి పేజీ మీదా తమ ముద్ర కొట్టుకుంటాయి. దాన్ని పంతులు జిరాక్సుతో జమకట్టడం మాకు రుచించదు. గైడ్ల సంగతి కొంచెం చిక్కు. 2008లో ఢిల్లీ హైకోర్టు, జమ్మూకశ్మీర్ పదకొండో తరగతి లెక్కల పుస్తకానికి గైడు వేసినవాళ్ల మీద ఆక్స్‌ఫర్డ్ పెట్టిన కేసులో, పుస్తకంలోని లెక్కలకు తమంతట తాము సాధనలు చేసి చూపినందుకు గైడుదే ఒప్పంది. లెక్కకు సాధన చేయడం వేరు, కవి పద్యాన్ని అలాగే దింపి కింద ప్రతిపదార్థం పెట్టి అమ్ముకోవడం వేరు. రెండోది అదే తీర్పు కింద చెల్లుతుందా అంటే మాకు అనుమానమే.

సంకలనాలకు చట్టం పెట్టిన నియమం చూస్తే నవ్వొస్తుంది. విద్యార్థుల కోసం సంకలనం వేసేటప్పుడు అందులో ఎక్కువ భాగం కాపీరైటు లేనిదై ఉండాలి, హక్కున్న రచనల నుంచి చిన్న భాగాలే తీసుకోవాలి. ఒకే రచయితవి అయిదేళ్లలో రెండుకు మించకుండా చూసుకోవాలి. అంటే పాల్కురికి సోమనాథుడూ, పోతనా నిండుగా ఉన్న పుస్తకంలో దాశరథి ఒక మూల కూర్చోవచ్చు. దాశరథి, కాళోజీ, సినారెలతో ఆధునిక కవిత్వ సంకలనం వేస్తే మాత్రం ప్రతి ఇంటి తలుపూ తట్టాలి. కాళోజీ గడువు 2062 దాకా, సినారెది 2077 దాకా ఉంది. ఇప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్ల అప్పటికి మనవలనెత్తుతుంది.

తెలుగు కవి జిరాక్సు వల్ల నష్టపోయాడని మేమెన్నడూ వినలేదు. సొంత డబ్బుతో అయిదువందల కాపీలు వేసి, మూడువందలు మిత్రులకు పంచి, మిగిలినవి అటకమీద పెట్టుకున్నవాడికి తన పద్యం బడిలో కాపీ అయిందంటే పండగే. అతనికి కష్టం వచ్చేది వేరే చోట, పద్యం ఉండి పేరు లేనప్పుడు. వాట్సాప్‌లో తిరిగే కవితల్లో సగానికి కవి పేరుండదు, ఉన్నా ఆ పేరు ఇంకెవరిదో. పాఠశాల సావనీర్లలో ‘సేకరణ’ అనే ఒక్క మాటతో ఒక జీవితం కొట్టుకుపోతుంది. చట్టంలో 57వ సెక్షన్ దీని కోసమే ఉంది. హక్కులన్నీ అమ్ముకున్నా, ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు రచయితకు పోదు. జిరాక్సుకు అనుమతి అక్కర్లేని చోట కూడా పేరు రాయడం మానకూడదని మా పట్టుదల. సారు ఆ కాయితం అడుగున కవి పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఏడాది రాయించాలి. వీలైతే ఆ జైలు ఎక్కడుందో కూడా రాస్తే, ఆదివారం నాడు పిల్లలు ఖిల్లా ఎక్కి చూసొస్తారు.

వారసులను చిన్నబుచ్చకుండా పుస్తకాలను అందరివీ చేసే దారి పొరుగు రాష్ట్రంలో ఉంది. తమిళనాడు (అప్పటి మద్రాసు) ప్రభుత్వం 1949లో సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులు తీసుకుని తర్వాత ప్రజలకిచ్చింది. ఆనాటి నుంచి ఎందరో రచయితల కుటుంబాలకు డబ్బు చెల్లించి రచనలను జాతీయం చేస్తూ వచ్చింది. విగ్రహాలకూ జయంతులకూ లోటు చేయని మన రెండు ప్రభుత్వాలు ఈ పద్ధతిని ఎందుకు పట్టించుకోలేదో ఏలినవారే చెప్పాలి. దాశరథి జయంతికి ఏటా అవార్డిస్తారు, సంతోషమే. ఆయన సమగ్ర రచనల హక్కును వారసులకు గౌరవంగా సొమ్ము చెల్లించి తీసుకుంటే, ప్రతి బడికీ ఒక ప్రతి ప్రభుత్వమే అచ్చేసి పంపవచ్చు.

ఆళ్వారుస్వామి విషయంలో ఆ ఖర్చు కూడా లేదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆయన. 1961 ఫిబ్రవరిలో పోయారు. ఆయన బతికుండగా, 1955లో అచ్చయిన ‘ప్రజల మనిషి’ నవల 2022 జనవరి 1 నుంచి అందరిదీ. ఎవరైనా అచ్చేయవచ్చు, నాటకంగా మలచవచ్చు, చదివి రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టవచ్చు. ఈ సంగతి చాలా కళాశాలల తెలుగు శాఖలకే తెలిసినట్టు లేదు. జక్రాన్‌పల్లికి దగ్గర్లోనే డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. ఆ నవలను తప్పుల్లేకుండా పరిష్కరించి, కష్టమైన మాండలిక పదాలకు అర్థాలు చేర్చి, చౌక ప్రతిగా వేసే పని అక్కడి తెలుగు శాఖ తలకెత్తుకుంటే, ప్రూఫులు దిద్దడానికి మా పత్రిక సిద్ధంగా ఉంది.