నొప్పి ఒకరిది, భయం మరొకరిది

కేన్సర్ ముదిరిన మనిషికి డాక్టరు మార్ఫిన్ రాయగానే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట, "అలవాటైపోతుందేమో!" ఆ మాట అనేది చాలాసార్లు రోగి కాదు. కొడుకో, అల్లుడో, చూడ్డానికొచ్చిన మేనమామో. రోగికి జబ్బు పేరే చెప్పని ఇళ్లు ఎన్నో ఉన్నాయి, ఇక మందు సంగతి ఆయన్ని అడిగేదెవరు? రాత్రంతా మూలిగేది ఒకరైతే, బిళ్ళ వద్దని తేల్చేది మరొకరు. నాకు మింగుడుపడనిది ఇదే.

ఆ భయం ఉత్తదే అనను. అమెరికాలో 1996లో ఆక్సికాంటిన్ అనే, మార్ఫిన్ కోవకే చెందిన నొప్పి బిళ్ళ వచ్చింది. దానికి బానిసలయ్యే ప్రమాదం తక్కువేనని తప్పుడు ప్రచారం చేసి అమ్మినట్టు 2007లో ఆ మందు కంపెనీయే కోర్టులో నేరం ఒప్పుకుంది. నడుంనొప్పికి సైతం విచ్చలవిడిగా రాసిన ఆ బిళ్ళలతో ఎన్నో కుటుంబాలు కూలిపోయాయి. అక్కడ మందు ఎక్కువై ముంచింది. మన దగ్గర కేన్సర్ రోగుల్లో చాలామందికి అసలు అందనే లేదు. మార్ఫిన్ తయారయ్యే నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తున్నారు. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, మార్ఫిన్ కొనడానికి కావాల్సిన లైసెన్సుల చిక్కులు పడలేక చాలా ఆస్పత్రులు దాన్ని తెప్పించడమే మానేశాయి. దాన్ని ఎలా వాడాలో నేర్వకుండానే ఎందరో డాక్టర్లు చదువు ముగించారు. 2014లో చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. తెలంగాణలో జిల్లాల్లోనూ పాలియేటివ్ కేంద్రాలు, అంటే ముదిరిన జబ్బుల్లో బాధ తగ్గించే కేంద్రాలు, తెరిచారు. ఇంట్లోని భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

శరీరం మందుకు అలవాటు పడటం వేరు, మనిషి దానికి బానిస కావడం వేరు. కొన్ని వారాలు మార్ఫిన్ వాడి ఒక్కసారిగా ఆపితే చెమటలు పడతాయి, విరేచనాలవుతాయి, కుదురుండదు. అందుకే మెల్లమెల్లగా తగ్గిస్తారు. స్టెరాయిడ్ బిళ్ళలనూ ఇలాగే తగ్గిస్తారు, వాటికి బానిసలయ్యామని ఎవరూ అనుకోరు. చేటని తెలిసినా, బతుకు చితికిపోతున్నా మందు కోసమే వెంపర్లాడటం వ్యసనం. కేన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడేవారిలో అది అరుదు. మునుపు తాగుడుకో మత్తుకో లోనైనవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు.

మామూలు మార్ఫిన్ బిళ్ళను సాధారణంగా నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి ఇస్తారు. మనవాళ్లేమో "ఇంకాసేపు ఓర్చుకో" అంటూ వెనక్కి నెడతారు. ఆ మనిషి గోడ గడియారం వైపే చూస్తూ బిళ్ళ ఎప్పుడిస్తారని పదే పదే అడుగుతాడు. "చూశావా, అప్పుడే అలవాటైంది!" అంటారు. చాలాసార్లు అది చాలీచాలని మోతాదు పెట్టే ఆరాటమే. నిజంగా పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. తొలి రోజుల్లో మగత, వికారం వస్తాయి, వాటంతటవే తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఇవ్వాలి.

విచిత్రమేమంటే, అదే ఇంట్లో నిద్ర కోసం ఏళ్ల తరబడి ఆల్‌ప్రజోలం మింగేవాళ్లు ఉంటారు, పాత చీటీ చూపించి తెచ్చుకుంటూ. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే మందుల నిబంధన ప్రకారం ఆ బిళ్ళ అమ్మకాన్ని మందుల షాపువాళ్లు రిజిస్టరులో రాయాలి. కల్తీ కల్లులో ఈ మందునూ కలుపుతారు. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో ఆ కల్లు ఆగినప్పుడు జనం వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ ఆస్పత్రులకు చేరారు. మార్ఫిన్‌లాగే ఆల్‌ప్రజోలంను కూడా హఠాత్తుగా మానకూడదు. ఫిట్స్ రావచ్చు, డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించుకోవాలి. మార్ఫిన్‌ను చూసి వణికే మనం ఈ బిళ్ళ దగ్గర మాత్రం ఒక్క ప్రశ్నా అడగం.

డాక్టర్లను నేను కోరేది ఒకటుంది. మార్ఫిన్ చీటీ రాసేటప్పుడు బంధువులను గది బయటికి పిలిచి గుసగుసగా చెప్పకండి. ఎంత ఇస్తున్నారో, ఎందుకిస్తున్నారో, నొప్పి తగ్గితే ఎలా ఆపుతారో రోగి మంచం పక్కనే కూర్చుని చెప్పండి. కావాలో వద్దో ఆయన్నే అడగండి.